గోడను నమ్మే సర్కారు గుడిసెను ఎందుకు నమ్మదు?

ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఉంటున్న అన్నలారా, అక్కలారా! వరంగల్ రోడ్డు మీద బస్సు దిగి పని కోసం అడ్డా మీద నిలబడే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి ప్రహరీ గోడల గురించి మాట్లాడుకుందాం.

"ఇదేం ముచ్చట? పోడు, పట్టాలు విడిచిపెట్టి కాంపౌండ్ వాల్ గురించి రాస్తరా? మాకు ఇల్లే లేదు, గోడతో ఏం పని?" అని మీకు అనిపించొచ్చు. ఇల్లు లేనోళ్ళకే ఈ ముచ్చటతో ఎక్కువ పని ఉంది. గోడ ఎవరు కట్టొచ్చు, ఎక్కడిదాకా కట్టొచ్చు, దాన్ని కూల్చాలంటే ముందు ఏం చెయ్యాలి అనే రూల్సు చదివితే ఈ నగరం ఎవరి మాట నమ్ముతుందో, ఎవరి మాట నమ్మదో తెలిసిపోతుంది.

ముందు చట్టం చూద్దాం. 1955లో వచ్చిన హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టాన్నే ఇప్పుడు జీహెచ్‌ఎంసీ చట్టం అంటున్నాం. 2007లో ఉప్పల్, కాప్రా మున్సిపాలిటీలు గ్రేటర్‌లో కలిసినప్పటి నుంచి మన ప్రాంతానికి కూడా అదే వర్తించింది. అందులో 'బిల్డింగ్' అంటే ఏమిటో చెప్పే చోట ఇల్లు, షెడ్డు, గుడిసెతో పాటు గోడ, కంచె కూడా ఉన్నాయి. ఇటుకదైనా, కట్టెదైనా, మట్టిదైనా, ఇనుముదైనా అన్నీ కట్టడాలే. అంటే చట్టం రాసినోళ్ళు గుడిసెను, గోడను ఒకే వరుసలో కూర్చోబెట్టిన్రు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఆచరణలో ఆ వరుస ఎట్ల తప్పిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

గోడ గురించి రూల్సు ఏమంటున్నాయి? 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్సు చూడండి. రెండు రోడ్లు కలిసే మూల మీద మీ ప్లాటు ఉంటే మూల దాకా గోడ లాగడానికి వీల్లేదు. రోడ్డు 12 మీటర్ల లోపుదైతే మూలను రెండు పక్కలా 3 మీటర్ల మేర కోసి వదలాలి. 12 నుంచి 24 మీటర్ల రోడ్డైతే నాలుగున్నర మీటర్లు, అంతకన్నా పెద్ద రోడ్డైతే 6 మీటర్లు. ఆ వదిలిన జాగా రోడ్డులో భాగం. ఎందుకంటే మలుపులో అవతల ఏం వస్తుందో కనపడాలి, అంబులెన్స్ తిరగాలి.

నాలా పక్కన ఉంటే? 10 మీటర్లకన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న నాలాకు 2 మీటర్లు ఖాళీ వదలాలి. చెరువు పక్కన ఉంటే? 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. ఉప్పల్ నల్లచెరువుకైనా, నాచారం పెద్ద చెరువుకైనా లెక్క ఇదే. ఎకరం జాగాలో లేచే గేటెడ్ కమ్యూనిటీలకు మరో షరతు ఉంది. వెనకాల ఉన్న జాగాలకు పోవడానికి వాళ్ళ స్థలంలో నుంచే 9 మీటర్ల రోడ్డు అందరి కోసం వదలాలి. ఇక జీహెచ్‌ఎంసీ చట్టం 402వ సెక్షన్ ప్రకారం వీధికి అడ్డంగా ఏమీ కట్టకూడదు. కడితే 405వ సెక్షన్ కింద కమిషనర్ నోటీసు లేకుండానే తీసేయొచ్చు.

ఈ రూల్సు మంచివే. మనం వీటికి వ్యతిరేకం కాదు. 2020 అక్టోబర్ వానలు యాది చేసుకోండి. రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ కాలనీల్లో ఇండ్లు రోజుల తరబడి నీళ్ళల్ల ఉన్నయి. నీళ్ళు ఎటు పోవాలో అటు గోడలున్నయి. నాలా పక్కన రెండు మీటర్లు మింగిన ఒక్క ప్రహరీ వల్ల ఆ ఇల్లు మునగకపోవచ్చు, ఎందుకంటే ఆ ఇంటి పునాది ఎత్తుగా ఉంటది. గోడకు తగిలి వెనక్కి తన్నిన నీళ్ళు పోయేది పల్లంలో ఉన్న రేకుల ఇండ్లలోకి. గోడ రూలు అతిక్రమించింది ఒకరు, బియ్యం డబ్బా తడిసింది ఇంకొకరిది. అందుకే గోడ రూలు గట్టిగా అమలు కావాలని మొదట అడగాల్సింది బస్తీలోళ్ళే.

మరి అమలు ఎట్ల జరుగుతుంది? 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. దాని కీలకం ఒక్కటే మాట: స్వీయ ధ్రువీకరణ. 600 గజాల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇల్లయితే యజమాని "నా కాగితాలు సరైనవి, నేను రూల్సు పాటిస్తా" అని ఆన్‌లైన్‌లో రాసిస్తే చాలు, అనుమతి అక్కడికక్కడే. 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్ ప్లస్ వన్ వరకైతే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకోవాలి. అబద్ధమని తేలితే నోటీసు లేకుండా కూల్చొచ్చని కూడా ఆ చట్టంలో ఉంది. లంచాల కోసం ఫైలు నెలల తరబడి తొక్కిపెట్టే రోజులు పోవాలని తెచ్చిన్రు. ఆ ఉద్దేశం తప్పు కాదు. చిన్న ప్లాటు వాళ్ళకు మేలు కూడా జరిగింది.

కానీ సర్కారు ఇక్కడ ఏం చేసిందో ఆలోచించండి. కాగితం ఉన్నోడి మాటను ముందు నమ్మింది. తర్వాత తనిఖీ చేస్తానంది. రాసిచ్చిన రోజు గీతలో గోడ సరిగ్గానే ఉంటుంది. మూల కోసినట్టే ఉంటుంది. కట్టే రోజున అడుగు ముందుకు జరుగుతుంది. గోడ బయట మళ్ళీ రోడ్డు మీదకు ర్యాంపు, ర్యాంపు పక్కన మొక్కల కోసం ఇనుప జాలీ. 30 అడుగుల రోడ్డు 22 అడుగులైతది. కరెంటు స్తంభం గోడ లోపలికి పోతది. మీరు ఏ కాలనీలో పని చేస్తున్నా ఈ దృశ్యం రోజూ చూసేదే. దీన్ని ఎవరూ కబ్జా అనరు. 'కొంచెం ముందుకొచ్చింది' అంటరు.

ప్రీకాస్ట్ గోడ సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఆ పలకలు మోసేది మీరే. కడీలు పాతి, నడుమ పలకలు దించుకుంటూ పోతే ఒకటి రెండు రోజుల్లో ప్లాటు చుట్టూ గోడ లేస్తది. దానికి ఒక గేటు, లోపల ఒక చిన్న రూం, 'ఈ స్థలం ఫలానా వారిది' అని ఒక బోర్డు. తర్వాత కరెంటు మీటరు. తర్వాత ఖాళీ స్థలం పన్ను రశీదు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని చట్టం చెప్తుంది. అయినా తగాదా కోర్టుకు పోతే "చూడండి, గోడ మాది, మీటరు మాది, స్వాధీనంలో ఉన్నది మేమే" అని ఇంజంక్షన్ అడగడానికి అవన్నీ పనికొస్తయి. మున్సిపాలిటీ వాళ్ళేమో "హక్కుల తగాదా మేం తేల్చలేం, సివిల్ కోర్టుకు పొండి" అంటరు. ఏండ్లు గడుస్తయి. గోడ అట్లనే ఉంటది. ముందు గోడ వస్తది, దాని వెనక కాగితం నడిచొస్తది.

ఇదే ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే అప్పటి పోచారం మున్సిపాలిటీలోని దివ్యానగర్ లేఅవుట్ వస్తది. దాదాపు 200 ఎకరాల లేఅవుట్. దాని చుట్టూ నాలుగు కిలోమీటర్ల గోడ. పక్క కాలనీల రోడ్లన్నీ ఆ గోడకు తగిలి ఆగిపోయినయి. ఎదురుగా కనపడే చోటికి చుట్టూ తిరిగి పోవాలి. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పోతే 2025 జనవరి 25న హైడ్రా వచ్చి ఆ గోడ కూల్చింది, దారులు తెరుచుకున్నయి. మంచి పని. కానీ ఒక్క ప్రశ్న. నాలుగు కిలోమీటర్ల గోడ ఒక్క రాత్రిలో లేచిందా? సిమెంటు లారీలు పోతుంటే, మేస్త్రీలు వరస మీద వరస పేరుస్తుంటే ఏ అధికారికీ కనపడలేదా? అదే నాలా ఒడ్డున నాలుగు కర్రలు పాతి పరదా కట్టండి. తెల్లారేసరికి కనపడతది.

ఇప్పుడు గుడిసె వైపు చూద్దాం. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతల మీద గొప్ప తీర్పు ఇచ్చింది. ముందు నోటీసు ఇవ్వాలి, 15 రోజులు గడువు ఇవ్వాలి, వాళ్ళ మాట వినాలి, ఆ తర్వాతనే చెయ్యి వెయ్యాలి అని చెప్పింది. మనమందరం సంతోషపడ్డాం. కానీ ఆ తీర్పులోనే ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అనుమతి లేని కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. మరి నగరంలో పేదోళ్ళ గుడిసెలు ఎక్కడుంటయి? రోడ్డు పక్కన, పట్టాల పక్కన, నాలా ఒడ్డున, చెరువు శిఖంలోనే కదా! ఇంకెక్కడ జాగా మిగిలింది కనుక?

హైడ్రా 2024 జులైలో ఏర్పడింది. అది పెద్దోళ్ళ జోలికి పోలేదని అంటే అబద్ధమైతది. అదే ఏడాది ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్‌ను కూల్చింది. కానీ అక్కడ ఏమైంది? అదే రోజు హైకోర్టు నుంచి స్టే వచ్చింది. కూల్చడం ఎంత వేగంగా జరిగిందో, వకీలు అంత వేగంగా కోర్టు మెట్లెక్కిండు. సెప్టెంబర్ చివర్లో అమీన్‌పూర్ కేసులో హైకోర్టే హైడ్రాను నిలదీసింది, సెలవు రోజు ఆదివారం పూట కూల్చడం ఏమిటని. సెలవు రోజున కూలిస్తే కోర్టుకు పోయే దారి ఉండదు. వకీలు ఫోన్ నంబరు ఉన్నోడికే అంత కష్టమైతే, ఫోన్‌లో బ్యాలెన్స్ లేనోడి సంగతేంది?

జోనింగ్ సంగతి ఇంకా విచిత్రం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామిక వాడలు ఫ్యాక్టరీల కోసం వేరు చేసిన జాగాలు. ఆ ఎత్తైన గోడల వెనక మిషన్లు నడిచిన రోజుల్లో వాటి నీడలోనే కూలీల బస్తీలు పుట్టినయి. 2025 నవంబర్‌లో సర్కారు ఒక పాలసీ తెచ్చింది, ముద్దుగా హిల్ట్ అంటున్నరు. నగరం చుట్టూ ఉన్న సుమారు 9,300 ఎకరాల పారిశ్రామిక భూమిని, రిజిస్ట్రేషన్ విలువలో కొంత శాతం ఫీజు కట్టి, అపార్ట్‌మెంట్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు మార్చుకోవచ్చని. అందులో ఉప్పల్, నాచారం కూడా ఉన్నయి. కాలుష్యం బయటికి పోతే మంచిదే. కానీ గమనించండి: ఫీజు కట్టగలిగినోడికి జోను మారిపోతది. అదే గోడ బయట ఇరవై ఏండ్ల నుంచి ఉంటున్న కుటుంబానికి మాత్రం "ఇది నివాస జోను కాదు" అని చెప్తరు. గోడ లోపల మారే జోను గోడ బయట ఎందుకు మారదు?

"అయితే చెరువుల గుడిసెలు ఉండనియ్యాలా? నాలా మీద ఇండ్లు ఉండనియ్యాలా?" అని కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు: చెరువు బతకాలి, నాలా పారాలి. అందులో ఉన్న మనిషికి కూడా అదే మంచిది, మొదట మునిగేది అతనే. కానీ ముందు వేరే జాగా చూపించి తర్వాత కదిలించాలి. అదే హద్దు మీద ఉన్న ప్రహరీని కూడా అదే రోజు, అదే టేపుతో కొలవాలి. గుడిసె పోయిన చోట రెండేండ్లకు గేటు, గేటు పక్కన వాచ్‌మన్ గది కనపడితే అది చెరువు రక్షణ అనిపించుకోదు.

ఈ తేడా మనకు కొత్త కాదు, అందుకే ఈ పేజీలో రాస్తున్నాం. ఏజెన్సీలో పోడు చేసుకునే రైతును చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కన్నా ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబానికి హక్కు ఉంది. గ్రామసభ తీర్మానం కావాలి, డివిజన్ కమిటీ చూడాలి, జిల్లా కమిటీ ఒప్పుకోవాలి. ఒడ్డు వేసినా, మడి చదును చేసినా, గుడిసె కట్టినా అవి సాక్ష్యాలేనని ఆ చట్టం రూల్సు చెప్తున్నయి. అయినా ఫారెస్టోళ్ళు వచ్చి కందకం తవ్వుతరు, కంచె వేస్తరు, మొక్కలు నాటుతరు. క్లెయిమ్ తేలేదాకా ఖాళీ చేయించొద్దని నాలుగో సెక్షన్ చెప్తున్నా అంతే. 2023లో మన రాష్ట్రంలో 4 లక్షల పైచిలుకు ఎకరాలకు పోడు పట్టాలిచ్చిన్రు. ఆ కాగితం కోసం చట్టం వచ్చాక పదిహేనేండ్లకు పైగా ఎదురు చూసినోళ్ళు ఉన్నరు.

రెండూ పక్కపక్కన పెట్టండి. నగరంలో 600 గజాల యజమాని తన గురించి తానే రాసిస్తే చాలు. అడవిలో మూడెకరాల రైతు గురించి ఊరు ఊరంతా సభ పెట్టి చెప్పినా చాలదు. ఒకరిది స్వీయ ధ్రువీకరణ, ఇంకొకరిది జీవితకాల పరీక్ష. బతుకుతెరువు కోసం ఆ అడవిని, ఆ తండాను విడిచి ఉప్పల్ వచ్చినా పరీక్ష ఆగలేదు, సెంటర్ మారిందంతే.

ఇప్పుడు ఒక మాట మనలో మనం అనుకుందాం. మనోళ్ళలో కూడా ఉద్యోగాలు వచ్చి, లోన్లు తీసుకుని, బోడుప్పల్ దిక్కు, పీర్జాదిగూడ దిక్కు నూటయాభై గజాలు కొన్నోళ్ళు ఉన్నరు. ఎంతో కష్టపడి కొన్నరు, సంతోషం. దొంగల భయం ఉంటది, ఆడపిల్లల భద్రత ఉంటది, పక్క ప్లాటోడు జరుగుతాడేమోనన్న భయం ఉంటది. గోడ కట్టుకోండి. కానీ మూల కొయ్యండి. ర్యాంపు లోపలికి వేసుకోండి. నాలాకు రెండు మీటర్లు వదలండి. మన ఊళ్ళల్ల దడి కట్టేది పశువులు చేన్ల పడకుండా. పంట ఎత్తినంక ఆ దడి పక్కకు జరిగేది, ఊరి పశువులన్నీ ఆ చేన్ల మేసేవి. మనుషుల దారి మూసేటందుకు దడి ఎవరూ కట్టలేదు. నగరానికి వచ్చి మనం ఆ తీరు మరిచిపోతే, రేపు బస్తీ కోసం మాట్లాడే నోరు మనకుండదు.

మరి ఏం చెయ్యాలి? ముందు మన చేతుల్లో ఉన్నవి చెప్తా.

మీ వీధికి అడ్డంగా గోడ లేస్తుంటే పునాది రోజునే ఫొటో తియ్యండి, తేదీ ఉండేటట్టు. వార్డు ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. నోటి మాట ఫిర్యాదు కాదు. ఆ లేఅవుట్ ప్లాన్, ఆ ఇంటి అనుమతి కాపీ కావాలని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల ఫీజు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మీ గుడిసె మీదికి ఎవరైనా వస్తే కాగితం అడగండి. అది సర్కారు భూమి అంటే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఏడో సెక్షన్ కింద నోటీసు ఏదని అడగండి. 2014 డిసెంబర్‌లో వచ్చిన జీవో 58 కింద 125 గజాల లోపు ఇంటికి ఎప్పుడైనా దరఖాస్తు పెట్టి ఉంటే ఆ నంబరు జేబులో ఉంచుకోండి. ఎస్టీ అయిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక తెల్లకాగితం దరఖాస్తు చాలు. ఎస్సీ, ఎస్టీ కాని ప్రైవేటు మనిషి ఎవరైనా మిమ్మల్ని మీ జాగా నుంచి అక్రమంగా వెళ్ళగొడితే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ కింద నేరం. పోలీస్ స్టేషన్‌లో ఆ సెక్షన్ పేరు చెప్పి అడగండి.

ఇక సర్కారును అడగాల్సినవి. ఒకటి, స్వీయ ధ్రువీకరణతో ఇచ్చిన ప్రతి అనుమతిలో ప్రహరీ గీత ఎక్కడుందో వార్డు ఆఫీసు గోడ మీద అందరికీ కనపడేటట్టు పెట్టాలి. రెండు, నల్లచెరువుకు, పెద్ద చెరువుకు, ప్రతి నాలాకు హద్దురాళ్ళు బస్తీ జనం ముందర పాతాలి. మూడు, ఒక హద్దు మీద కూల్చివేత మొదలుపెడితే ఆ హద్దు దాటిన గోడలు, గుడిసెలు అన్నిటి జాబితా ముందే ప్రకటించాలి. గుడిసెకు ప్రత్యామ్నాయం చూపాలి, గోడకు జరిమానా వెయ్యాలి. నాలుగు, హిల్ట్ కింద వచ్చే ఫీజులో వాటాతో ఆ పారిశ్రామిక వాడల పక్కన ఉన్న కూలీల బస్తీలకు అక్కడే ఇండ్లు కట్టాలి.

మనం ఎక్కువేం అడుగుతలేము. యజమాని మాటకు ఇచ్చిన విలువే కూలీ మాటకూ ఇవ్వమంటున్నాం. చట్టం గోడను, గుడిసెను ఒకే వరుసలో రాసింది. కొలిచే టేపు కూడా ఒకటే ఉండాలె.

చదివిన ప్రతి ఒక్కరూ మీ బస్తీ గ్రూపులో పెట్టండి. చదువురాని పెద్దోళ్ళకు చదివి వినిపించండి.